హుద్‌హుద్ మీద తెలుగు పవర్ మెటల్ కాన్సెప్ట్ ఆల్బమ్: కథ ఎందుకు వినబడట్లేదు, ఇంట్లో రికార్డింగ్ ఎలా చెయ్యాలి

కొత్తగా చూసేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. విశాఖలో అయిదుగురి బ్యాండ్. హుద్‌హుద్ తుఫాను రోజు జాలారిపేట అనే మత్స్యకారుల పేటలో ఒక కుటుంబానికి ఏం జరిగిందన్నది కథ, తెలుగులో ప్రోగ్రెసివ్ పవర్ మెటల్ (వేగం, పెద్ద కోరస్‌లు ఎక్కువగా ఉండే హెవీ మెటల్), అన్ని పాటలూ కలిసి ఒకే కథ చెప్పే కాన్సెప్ట్ ఆల్బమ్. పదకొండు పాటల డెమో పూర్తయింది. విన్నవాళ్ళందరూ "పాటలు బాగున్నాయి గానీ కథేంటో తెలీలేదు" అంటున్నారు. పాటల మధ్య రేడియో వార్తల్లాంటి వ్యాఖ్యానం పెడితే సరిపోతుందా అన్నది మొదటి ప్రశ్న. స్టూడియోకి వెళ్ళకుండా ఫ్లాట్‌లోనే రికార్డు చెయ్యొచ్చా అన్నది రెండోది.

వ్యాఖ్యానం వద్దు. జబ్బు మీరిచ్చిన వివరాల్లోనే కనబడుతోంది. పదకొండులో తొమ్మిది పాటలు 180 నుంచి 190 బీపీఎం (నిమిషానికి దెబ్బలు) మధ్యే ఉన్నాయి. పది పాటలు ఒకే శ్రుతిలో, ఇ మైనర్‌లోనే ఉన్నాయి. ఒక పాటలో వచ్చిన స్వరం, అంటే చిన్న బాణీ ముక్క, ఇంకో పాటలో మళ్ళీ ఎక్కడా రాదు. అంటే మీ కథ మొత్తం సాహిత్యంలోనే ఉంది. డబుల్ బాస్ డ్రమ్స్, రెండు గిటార్లు, కీబోర్డు, కోరస్ అన్నీ మోగుతుంటే మొదటిసారి వినేవాళ్ళకి సాహిత్యం సగం కూడా చెవికెక్కదు. ఎంత శుభ్రంగా మిక్స్ చేసినా అంతే. ఈ సంగీతంలో కథని మోసేవి మూడు: తిరిగొచ్చే స్వరం, మారే వేగం, మారే శ్రుతి. ఆ మూడింటికీ ఒక పటం గీసుకుని, పాటల్ని దాని మీద సర్దాలి.

ముందు చేసినవాళ్ళని చూడండి. అమెరికా మెటల్ బ్యాండ్ డ్రీమ్ థియేటర్ 1999లో తీసిన కాన్సెప్ట్ ఆల్బమ్ 1992 నాటి తమ పాటకే కొనసాగింపు. ఆ పాత పాటలోని స్వరాలు కొత్త ఆల్బమ్‌లో చోటుచోటా తిరిగొస్తాయి. కథేమో గతజన్మ గురించి. పాత స్వరం వినబడగానే ఏదో పాత సంగతి మళ్ళీ తలెత్తిందని, ఒక్క మాట అర్థం కాకపోయినా తెలిసిపోతుంది. దీనికి అటువైపు ఉదాహరణ జర్మనీ బ్యాండ్ బ్లైండ్ గార్డియన్ 1998 ఆల్బమ్. మొత్తం 22 ట్రాకులు, వాటిలో చాలా భాగం పాటల మధ్య వచ్చే చిన్న మాటల ముక్కలు. పాటలు అద్భుతం. ఆ ముక్కల్ని మాత్రం రెండోసారి వినేటప్పటికే చాలామంది దాటేస్తారు. ఆ స్థాయి బ్యాండుకే అలా అయితే, వ్యాఖ్యానం మీద మనం ఆధారపడకూడదు. ఇక నిజంగా జరిగిన ఘటన మీద మెటల్ ఆల్బమ్ నిలబడుతుందా అనే మీ సందేహానికి జవాబు: అమెరికా బ్యాండ్ సావటాజ్ 1995లోనే బోస్నియా యుద్ధం, సరయేవో నగరం మీద చేసి చూపించింది.

మీకు కావలసిన పటం తుఫానులోనే ఉంది. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. 1, 2 దూరాన తుఫాను ఉందని చెప్పేవి. 3, 4 స్థానిక హెచ్చరికలు. 5 నుంచి 7 ప్రమాదం. 8 నుంచి 10 మహా ప్రమాదం. 10 అంటే తీవ్ర తుఫాను రేవు మీదుగానో, దానికి బాగా దగ్గరగానో దాటుతుందని. 11 అంటే తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. మీకూ సరిగ్గా పదకొండు పాటలున్నాయి కదా అని పాటకో నంబరు పెట్టేయకండి. సూచికలు వరుసగా ఒకటి తర్వాత ఒకటి ఎగరవు, మధ్యలో నంబర్లు దాటేస్తారు. 5, 6, 7 కూడా ప్రమాదంలో మూడు మెట్లు కావు. తుఫాను రేవుకి ఏ పక్కగా పోతుందో చెప్పే తేడా అది. అందుకని అయిదు భాగాలు చేసుకోండి: 1–2, 3–4, 5–7, 8–10, 11. పాటల్ని రెండు, రెండు, రెండు, మూడు, రెండుగా పంచితే పదకొండూ సరిపోతాయి, ఏదీ పారెయ్యక్కర్లేదు.

ఇప్పుడు శ్రుతి. తుఫాను బలపడేకొద్దీ మధ్యలో వాయుపీడనం పడిపోతుంది. హుద్‌హుద్ తీరం దాటేటప్పుడు అది 950 హెక్టోపాస్కల్ దగ్గర ఉంది. శ్రుతిని కూడా అలాగే దించండి. మొదటి భాగం జి మైనర్, రెండోది ఎఫ్ మైనర్, మూడోది ఇ మైనర్, నాలుగోది డి మైనర్. గిటార్లు డి స్టాండర్డ్‌లో పెట్టుకోండి, అంటే అన్ని తీగలూ మామూలు కంటే రెండు సెమిటోన్లు కిందికి. ఇక్కడ ఒక నియమం కచ్చితంగా పాటించాలి: లావు తీగని ఖాళీగా మోగించే చగ్ నాలుగో భాగం దాకా ఒక్కసారి కూడా రాకూడదు. ఏడో పాట మొదట్లో ఆ 73 హెర్ట్జ్ డి మొదటిసారి పడితే, తుఫాను ఒడ్డుకి చేరిందని ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి పాటలోనే దాన్ని వాడేస్తే తర్వాత దానికి బలం ఉండదు. చాలా డెమోల్లో జరిగే నష్టం ఇదే.

శ్రుతి దిగితే గాయకుడి పై స్వరం కూడా దిగిపోతుందని భయపడకండి. జి మైనర్‌లో తారస్థాయికి చేరాల్సిన పంచమం, డి మైనర్‌లో తార షడ్జమం, రెండూ ఒకటే: డి5. మొదటి భాగం కోరస్‌లోనూ నాలుగో భాగం కోరస్‌లోనూ గాయకుడు అందుకునే శిఖరం అదే. కిందున్న నేల మాత్రం కుంగిపోయి ఉంటుంది.

తిరిగొచ్చే బాణీ ముక్క విషయానికొస్తే నాలుగు స్వరాలు చాలు. ఒక ఉదాహరణ: స గ రి ప, సాధారణ గాంధారంతో, చతుశ్రుతి రిషభంతో. డి మైనర్‌లో అది డి, ఎఫ్, ఇ, ఎ. మొదటి పాట ముందు ఒక నిమిషంన్నర క్లీన్ గిటార్ మీద ఇది వినిపించండి, వెనక ఇంకేం వద్దు. తర్వాత ప్రతి భాగంలో కనీసం ఒక్కసారి రావాలి: ఒకచోట బాస్‌లో, ఒకచోట సోలో చివర, ఒకచోట కోరస్ వెనక కీబోర్డులో. గాయకుడు మాత్రం దాన్ని చివరి పాట దాకా పాడకూడదు.

దీన్ని తలకిందులు చేస్తే స ద ని మ, మంద్రంలోకి దిగుతూ. పైకి ఎన్ని మెట్లెక్కిందో కిందికి అన్ని మెట్లు దిగుతుంది. శుద్ధ ధైవతం, కైశిక నిషాదం, శుద్ధ మధ్యమం. అన్నీ నటభైరవిలోవే కాబట్టి మైనర్ స్కేలు దాటక్కర్లేదు. ఇదెందుకంటే మీ కథకి గుండెకాయ నాలుగో భాగం, దాన్ని తుఫాను ఎలా కదిలిందో అలాగే కట్టాలి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం 12, 1 గంటల మధ్య విశాఖ దగ్గర తీరం దాటింది, గాలి గంటకి 170–180 కిలోమీటర్లు. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. వాయవ్యంగా కదిలే తుఫాను ముందు గోడ (మధ్యలోని కన్ను చుట్టూ తిరిగే మేఘాల గోడలో ముందు భాగం) తగిలినప్పుడు గాలి ఈశాన్యం వైపు నుంచి కొడుతుంది. కన్ను మీదుగా వెళ్ళినచోట కాసేపు గాలి సద్దుమణుగుతుంది. వెనక గోడ వచ్చాక అదే గాలి నైరుతి నుంచి కొడుతుంది. ఒక పక్క గాలికి తట్టుకుని నిలబడ్డ చెట్టు, రేకు రెండో పక్క నుంచి కొట్టేసరికి పోతాయి. అయిపోయిందనుకుని బయటికొచ్చినవాళ్ళు రెండో దెబ్బకి దొరికిపోతారు.

కాబట్టి ఏడో పాట ముందు గోడ, 192 బీపీఎం, ప్రధాన రిఫ్ (మళ్ళీ మళ్ళీ మోగే గిటార్ వరస) స గ రి ప మీద. ఎనిమిదో పాట కన్ను, 72 బీపీఎం, డ్రమ్స్ లేవు, లావు తీగలు లేవు, మూడున్నర నిమిషాలకి మించకూడదు. తొమ్మిదో పాట వెనక గోడ, మళ్ళీ 192, అదే రిఫ్, అదే లయ, స్వరాలు మాత్రం తలకిందులు. ఏడో పాటలో కుడి చెవిలో మొదలైన గిటార్ తొమ్మిదో పాటలో ఎడమ చెవిలో మొదలవ్వాలి. దీన్ని ఎవరికీ వివరించక్కర్లేదు. వినేవాళ్ళకి "ఇది ఇందాకటిదే, కానీ ఎక్కడో తేడాగా ఉంది" అనిపిస్తే చాలు.

కథలో మీరు సరిచేసుకోవలసినవి రెండు. మీ సాహిత్యంలో కన్ను సమయంలో ఎవరూ ఏమీ చెయ్యరు, అందరూ దేవుణ్ణి తలుచుకుంటారు. అక్కడే ఎవరో ఒకరు బయటికెళ్ళాలి, పడవ మోకు మళ్ళీ కట్టడానికి. ఆ ఒక్క పని మీద మిగతా కథంతా నిలబడుతుంది. రెండోది, మూడో పాటలో పడవలన్నీ వేట నిషేధం వల్ల ఒడ్డున ఉన్నాయని రాశారు. తూర్పు తీరంలో నిషేధం ఉండేది వేసవిలో, ఇప్పుడైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అక్టోబరులో పడవలు ఒడ్డున ఉన్నాయంటే అది హెచ్చరిక వల్లే. జాలారిపేటలో మొదట పట్టుకునే తప్పు ఇదే అవుతుంది, రికార్డింగ్‌కి ముందే మార్చండి. తుఫానులో పోయినవాళ్ళ అసలు పేర్లు మాత్రం ఎక్కడా వాడొద్దు.

మిగతా వేగాలు: మొదటి భాగం 132, 160. రెండో భాగం రెండు పాటలూ 7/8లో (బారుకి, అంటే ఒక తాళం చుట్టుకి, ఏడు ఎయిత్ నోట్లు), 148. మూడో భాగం 176. పదో పాట 84. పదకొండోది 126, మళ్ళీ జి మైనర్‌లో. ఇప్పుడు 184లో ఉన్న పాటని 132కి తెస్తే రిఫ్ నీరసపడుతుంది. అలాంటప్పుడు వేగం తగ్గించకుండా స్నేర్ డ్రమ్‌ని రెండు, నాలుగు దెబ్బల మీద నుంచి తీసేసి మూడో దెబ్బ మీద ఒక్కటే కొట్టించండి. గిటార్ అదే వేగంలో ఉన్నా పాట 92లో నడుస్తున్నట్టు వినబడుతుంది. రెండు పాటలైనా ఇలా మారిస్తే మిగతావి వేగంగా ఉన్నాయన్న సంగతి చెవికి తెలుస్తుంది.

ఇక తెలుగు. 7/8లో మన భాష కూర్చోదని మీ గాయకుడు అన్నారని రాశారు. కూర్చుంటుంది, అదీ ఇక్కడి పక్క ఊరి నుంచే. విజయనగరంలో గురజాడ కట్టిన ముత్యాలసరం నడకే మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. పాదానికి 14. ఒక మాత్రకి ఒక ఎయిత్ నోట్ ఇస్తే ఒక పాదం సరిగ్గా రెండు 7/8 బార్లు. చివరి పాదం ఏడు మాత్రలకి కూడా తగ్గొచ్చు, అంటే ఒక బారు. మిగిలిన బారు గిటార్‌కి వదిలెయ్యొచ్చు. మీ రెండో భాగానికి నమూనాగా:

కడలి కన్నులు తెరిచి చూసెను
గాలి దిక్కులు మారిపోయెను
వలలు ఒడ్డున ఎండుతున్నవి
పడవ రాదే

కడలి మూడు, కన్నులు నాలుగు, తెరిచి మూడు, చూసెను నాలుగు. డ్రమ్మర్ కాలితో కొట్టే కిక్ డ్రమ్‌ని ఒకటో మాత్ర మీద, స్నేర్‌ని నాలుగో మాత్ర మీద కొడితే గణం ఎక్కడ విరిగిందో అక్కడే దెబ్బ పడుతుంది. మీ డెమోలో ఇంగ్లీషు పాట బాణీకి తెలుగు మాటలు అతికించినట్టుంది. లఘువుల మీద దెబ్బ పడుతోంది, గురువులు నలిగిపోతున్నాయి. "తుఫాను"లో చివరి "ను"ని నాలుగు దెబ్బలు సాగదీశారు. సాగదీయాల్సింది "ఫా".

కోరస్‌లో పైన నిలబెట్టే అక్షరం ఆ, ఏ, ఓ ల్లో ఒకటి అయ్యేలా చూసుకోండి. దీనికి కారణం ఉంది. ఇ, ఉ పలికినప్పుడు నోటి మొదటి అనునాదం సుమారు 300 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. గాయకుడు 440 దాటి పాడుతుంటే స్వరం దానికంటే పైకి వెళ్ళిపోతుంది, గొంతు బిగుసుకుని అచ్చు మారిపోతుంది. ఆ అయితే అనునాదం 700 పైన ఉంటుంది, గొంతు తెరుచుకుంటుంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి మనకి ఇది వరమే, కానీ ఆ ముగింపుల్లో ఉకారం చాలా ఎక్కువ. "సముద్రము" అని ఆపకుండా వాక్యం తిప్పి రాసి "రావా", "పోదా", "ఏదో" లాంటి మాట చివరికి తెచ్చుకోండి. వేగంగా వెళ్ళే చరణాల్లో ష్ట్ర, స్త్ర లాంటి సంయుక్తాలు తీసెయ్యండి, ద్విత్వాలు మాత్రం ఉంచండి. "కట్టు", "తెప్ప", "ఒడ్డు" లాంటివి స్నేర్‌తో కలిసి బాగా పగులుతాయి.

కీబోర్డు వాయించేవారికి ఒక మాట. హార్మోనిక్ మైనర్ అంటే మన కీరవాణే. పవర్ మెటల్ సోలోల్లో సగం దాని చుట్టూనే తిరుగుతాయి. చిక్కు ఎక్కడొస్తుందంటే, రిఫ్ నటభైరవిలో ఉండి గిటార్ సి పవర్ కార్డ్ మోగిస్తుంటే, కీబోర్డు ఎ మేజర్ పట్టుకుంటుంది. సి, సి షార్ప్ రెండూ ఒకేసారి పడి కోరస్ మురికిగా వినబడుతుంది. మిక్సింగ్‌లో ఎంత కోసినా ఇది పోదు. కాకలి నిషాదం వచ్చే బార్లలో గిటార్ కూడా ఎ మీదకి రావాలి. పంచమాన్ని షడ్జమం చేసుకుని కీరవాణి స్వరాలే వాయిస్తే వకుళాభరణం వస్తుంది. మూడో భాగంలో బెదురు పుట్టించే చోట అది బాగా పనికొస్తుంది.

తప్పెటగుళ్ళ బృందాన్ని (రేకు తప్పెటలు కొడుతూ చిందేసే ఉత్తరాంధ్ర జానపద కళాకారుల్ని) పెట్టాలన్న మీ ఆలోచన నాకు చాలా నచ్చింది. బ్రెజిల్ బ్యాండ్ ఆంగ్రా 1996లో తమ నేల వాద్యాలని మెటల్‌లో కలిపి ఆ ఆల్బమ్‌తోనే తమ ముద్ర వేసుకుంది. అది నిలబడటానికి కారణం ఆ వాద్యాలకి పాటలో సొంత చోటు ఇవ్వడం. గిటార్ల వెనక అలంకారంగా పెట్టి వదిలేస్తే రెండూ పాడవుతాయి. తప్పెట రేకు శబ్దం 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య కొడుతుంది, గిటార్ పిక్ దెబ్బా స్నేర్ పగులూ అక్కడే ఉంటాయి. మూడూ కలిస్తే మూడూ వినబడవు. మొదటి భాగంలో గిటార్లు ఆగి బాస్ ఒక్కటే నడిచే ఎనిమిది బార్లు వాళ్ళకి వదలండి. పదకొండో పాట చివర మళ్ళీ రప్పించండి.

ఆ బృందాలకి క్లిక్ (హెడ్‌ఫోన్స్‌లో తాళం చెప్పే టిక్‌టిక్) అలవాటు ఉండదు. బలవంతంగా క్లిక్ పెడితే చిందు పోతుంది, చిందు పోతే దరువు పోతుంది. ముందు వాళ్ళని స్వేచ్ఛగా కొట్టనిచ్చి రికార్డు చెయ్యండి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో బారు బారుకీ టెంపో గుర్తులు పెట్టి మీ వాద్యాలని వాళ్ళ వెంట నడపండి. ఆరుబయట, ఆరేడు అడుగుల దూరంలో ఒక జత మైకులు చాలు. పారితోషికం ముందే మాట్లాడుకుని ఇవ్వండి, కవర్ మీద అందరి పేర్లూ వెయ్యండి.

రికార్డింగ్ ఇంట్లో చెయ్యొచ్చు, ఒక్క అకూస్టిక్ డ్రమ్స్ తప్ప. పది బై పన్నెండు గదిలో సింబల్స్ గోడలకి కొట్టుకుని అన్ని మైకుల్లోకీ వస్తాయి, 192లో కిక్ స్పష్టంగా ఉండదు. మీ డ్రమ్మర్ ఎలక్ట్రానిక్ కిట్ మీద వాయించి మిడి (దెబ్బల సమయం, బలం మాత్రమే నమోదయ్యే డేటా) తీసుకోవడం మంచిది. పెడల్ తన్ను స్లాబ్ గుండా కింది ఫ్లాట్‌కి దిగుతుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మీకు అది తెలీదు. రెండు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకల మధ్య అడుగుకొకటి చొప్పున టెన్నిస్ బంతులు బిగించి కిట్‌ని దాని మీద పెట్టండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

192 బీపీఎంలో సిక్స్‌టీన్త్ నోట్లు సెకనుకి దాదాపు పదమూడు, ఒక్కోదాని మధ్య 78 మిల్లీసెకన్లు. మీరు వాడే కిక్ శాంపుల్ (ముందే రికార్డు చేసి ఉన్న కిక్ శబ్దం) తోక అంతకంటే పొడుగ్గా ఉంటే ఒకదాని మీద ఒకటి పేరుకుని అడుగున బురద అవుతుంది. డెమోలో ఏడో పాట రెండో నిమిషంలో వినబడేది అదే. శాంపుల్‌ని 70 మిల్లీసెకన్ల దగ్గర ఫేడ్ చెయ్యండి. వెలాసిటీలు (మిడిలో దెబ్బల బలం) అన్నీ గరిష్ఠంగా 127 పెట్టకండి. బలమైన కాలికి 112–118, రెండో కాలికి దానికంటే ఆరేడు తక్కువ. క్వాంటైజ్ (దెబ్బల్ని తాళం గీత మీదకి లాగడం) 85 శాతం దగ్గర ఆపండి. పూర్తిగా గీత మీదకి లాగేస్తే కుట్టుమిషన్ శబ్దమే మిగులుతుంది.

గిటార్ దగ్గర మన ఊరి అసలు శత్రువు సముద్రపు గాలి. ఉప్పు తేమకి మామూలు తీగలు త్వరగా చిలుముపట్టి శబ్దం మొద్దుబారుతుంది. కోటింగ్ ఉన్న తీగలు కొంచెం ఖరీదైనా వేసుకోండి. డి స్టాండర్డ్‌కి 25.5 అంగుళాల గిటార్ మీద 11–52 సెట్ (సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) సరిపోతుంది, 10–46 అయితే లావు తీగ గట్టిగా కొట్టినప్పుడు శ్రుతి పైకి లేచిపోతుంది. తేమకి చెక్క ఉబ్బి నెక్ కదులుతుంది, ఏసీ వేస్తే మళ్ళీ ఎండుతుంది. ఎడమ చెవి ట్రాక్ ఒకరోజు ఏసీలో, కుడి చెవి ట్రాక్ ఇంకోరోజు ఏసీ లేకుండా తీస్తే రెండింటి ఇంటోనేషన్ (ప్రతి మెట్టు మీదా శ్రుతి కచ్చితత్వం) కలవదు, కోరస్ వేసినట్టు అలలుగా వినబడుతుంది. రోజు ముందే గిటార్‌ని ఆ గదిలో పెట్టి, ఒక పాట రిథమ్ రెండు ట్రాకులూ ఒకే పూట, ఒకే తీగల మీద ముగించండి. కేసులో సిలికా జెల్ సంచులు వేసి నెలకోసారి ఎండబెట్టండి. కండెన్సర్ మైక్‌ని కూడా గాలి చొరబడని డబ్బాలో అలాగే ఉంచాలి. తేమ పట్టిన కాప్స్యూల్ (మైక్‌లో శబ్దాన్ని పట్టే భాగం) చిటపటలాడుతుంది, చాలామంది ఇంటర్‌ఫేస్ (మైకునీ గిటార్‌నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె) పాడైందనుకుని మార్చేస్తారు. వీలుంటే రికార్డింగ్ డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి.

గిటార్ నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి తీసుకునేటప్పుడు హమ్ (కరెంటు మోత) వస్తే లాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌తో ఇంటి ఎర్తింగ్ చూపించండి. ప్లగ్గు ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పోతుందని ఎవరో చెప్తారు. ప్రాణం మీదకొస్తుంది, ఆ పని చెయ్యొద్దు.

రిథమ్ గిటార్ రెండే ట్రాకులు, పూర్తిగా ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. 192లో నాలుగు ట్రాకులు వేస్తే పిక్ దెబ్బలు ముందూ వెనకా అయి రిఫ్ అలికినట్టవుతుంది. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) మీకు ఇప్పుడు బాగుందనిపిస్తున్నదానికంటే నాలుగో వంతు తగ్గించండి. 80 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోసెయ్యండి. కీబోర్డు ఎడమచేతి భాగాన్ని 250 కింద తీసెయ్యండి, అక్కడ గిటార్‌కీ బాస్‌కీ చాలినంత పని ఉంది.

గాత్రం కోసం గది మూలన రెండు వైపులా మందపాటి రగ్గులు వేలాడదీసి, గాయకుడు వాటికి వీపు పెట్టి నిలబడాలి. మైక్ ఒక జానెడు దూరంలో. డి5 లాంటి స్వరాలకి మూరెడు వెనక్కి జరగాలి. శిఖరాలు మైనస్ 10 డెసిబెల్ దాటకుండా చూసుకోండి. ఏసీతో గది చల్లబరిచి, ఆపి, టేక్ తీసి మళ్ళీ వెయ్యండి. పెద్ద కోరస్‌లన్నీ ఒకేరోజు పెట్టకండి, గంటన్నర దాటితే పై స్వరాలు పలచబడతాయి.

సామూహిక గానం లేకుండా పవర్ మెటల్ లేదు. మీలో నలుగురు పాడగలరన్నారు. ఒక్కో స్వరభాగానికి నలుగురూ నాలుగేసి సార్లు, మూడు స్వరభాగాలు, మొత్తం 48 గొంతులు. ప్రతి టేక్‌కీ మైక్ నుంచి దూరం, నిలబడే చోటు మార్చండి. లేకపోతే 48 గొంతులూ నలుగురిలాగే వినబడతాయి. స, శ, ష లు మాత్రం ఒక్క టేక్‌లోనే పలకాలి, మిగతా టేకుల్లో మింగెయ్యాలి. అందరూ పలికితే బుస కొట్టినట్టుంటుంది.

సముద్రం శబ్దం మీరే రికార్డు చేసుకోండి, కానీ మైక్‌కి బొచ్చు తొడుగు లేకుండా రుషికొండలో నిలబడితే గాలి గుద్దులు తప్ప ఏమీ రాదు. తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు ఒడ్డుకి వెళ్ళే ఆలోచనే వద్దు. అలల హోరు అన్ని పౌనఃపున్యాల్లోనూ పరుచుకుని సింబల్స్‌ని మింగేస్తుంది, డ్రమ్స్ వచ్చేలోపు దాన్ని పూర్తిగా తీసెయ్యండి. ఆల్బమ్ మొత్తంలో మూడుచోట్లకి మించి వాడకండి.

మీలో ఒకరు బెంగళూరు నుంచి ఫైళ్ళు పంపుతారన్నారు. అందరూ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అని ముందే ఒప్పుకోండి. 44.1లో తీసిన ఫైలుని మార్చకుండా 48 ప్రాజెక్టులో పడేస్తే శ్రుతి ఒకటిన్నర సెమిటోన్ పెరిగి, వేగం కూడా పెరుగుతుంది. ప్రతి ట్రాకూ ఒకటో బారు మొదటి నుంచే ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి, వాయించింది నలభయ్యో బారులోనే అయినా సరే. టెంపో మ్యాప్ (ఏ బారు ఏ వేగమో చెప్పే పట్టిక) మిడి ఫైలుగా అందరి దగ్గరా ఒక్కటే ఉండాలి.

మాస్టరింగ్‌లో (మిక్స్ తర్వాత చేసే చివరి సర్దుబాటులో) పాట పాటనీ విడిగా పట్టుకుని ఒకే మోతకి లాగేస్తే ఎనిమిదో పాట, అంటే కన్ను, ఏడో పాటంత బిగ్గరగా అయిపోతుంది. కథ అక్కడితో చచ్చిపోతుంది. పదకొండు పాటల్నీ ఒకే సెషన్‌లో వరుసగా పెట్టి మాస్టర్ చెయ్యండి. స్పాటిఫై ఒక్కో పాటని మైనస్ 14 లఫ్స్ (బిగ్గరతనం కొలత) స్థాయికి సర్దుతుంది, కానీ ఆల్బమ్‌ని వరుసగా వింటున్నప్పుడు మొత్తాన్నీ ఒకే మేరకి పెంచడమో తగ్గించడమో చేస్తుంది కాబట్టి పాటల మధ్య తేడా అలాగే ఉంటుంది. ట్రూ పీక్ (శబ్దం అసలు గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపండి.

7, 8, 9 పాటలు ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి నడవాలి. ఎమ్‌పీ3గా ఎగుమతి చేస్తే మొదట్లోనూ చివర్లోనూ కొంత నిశ్శబ్దం చేరి అతుకు తెలుస్తుంది, అందుకని డిస్ట్రిబ్యూటర్‌కి వేవ్ ఫైళ్ళే ఇవ్వండి. సీడీ కూడా వేస్తామన్నారు కాబట్టి, సీడీలో ఒక ఫ్రేమ్ అంటే సెకనులో 75వ వంతు, 44.1లో 588 శాంపుళ్ళు. ట్రాకులు విడగొట్టే చోటు ఆ గీత మీద పడకపోతే మిగిలినదాన్ని సాఫ్ట్‌వేర్ సున్నాలతో నింపుతుంది, సరిగ్గా కన్ను మొదలయ్యే చోట టక్కుమంటుంది. ముందు 44.1కి మార్చుకుని, తర్వాత ఫ్రేమ్ గీత మీద కొయ్యండి.

ముందుగా 7, 8, 9 పాటల గైడ్ ట్రాకులు (ముసాయిదా రికార్డింగులు) గాత్రం లేకుండా టెంపో మ్యాప్‌తో సహా ఇక్కడ పెట్టండి. తలకిందుల రిఫ్‌లో మధ్యమం మీద దిగే చోట బాస్ ఏం వాయించాలో విని చెప్తాను.